నేను అందించని మాట

ఒక అబద్ధాన్ని నేను చాలా ఏళ్ళుగా మోశాను. రెండు ముక్కల అబద్ధం. చెప్పడానికి ఊపిరి పీల్చి వదిలినంత సేపు కూడా పట్టలేదు. మోయడానికి మాత్రం నా వయసులో సగానికి పైగా పట్టింది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియాల్సిన అవసరం లేదు. మదనపల్లెలో బట్టల అంగడి పెట్టుకుని బతికే మనిషిని అనుకోండి, చాలు. మీరు నన్ను ఎరగరు కాబట్టే ఇదంతా చెప్పగలుగుతున్నాను. దీన్ని ధైర్యం అంటారా, పిరికితనం అంటారా? నాకైతే తేలడం లేదు.

మా హైస్కూల్లో శనివారం చివరి రెండు పీరియడ్లు క్లబ్బులకు వదిలేసేవారు. సైన్సు క్లబ్బు పిల్లలు బ్యాటరీలు, వైర్లు ముందేసుకుని కూర్చునేవారు. స్కౌట్లు గ్రౌండులో తాళ్ళకు ముళ్ళు వేసేవారు. తోట క్లబ్బు వాళ్ళు ప్రహరీ పక్కన టమాటా నారు పెంచేవారు. నేను డ్రామా క్లబ్బు. తెలుగు చెప్పే సుగుణమ్మ టీచర్ దాన్ని నడిపేవారు. నాటకాలు ఆమే రాసేవారు. ఏడో తరగతిలో, ఎనిమిదో తరగతిలో పెద్ద వేషం నాదే. గొంతు బాగుంటుందని అందరూ అనేవారు. ఆ మాట నేను చాలా ఎక్కువగా నమ్మాను.

తొమ్మిదికి వచ్చేసరికి ఆ గొంతు మారింది. ఎప్పుడు కీచుమంటుందో, ఎప్పుడు బొంగురు పోతుందో నాకే తెలిసేది కాదు. అదే ఏడాది క్లబ్బులో ఒక కొత్త పిల్లవాడు చేరాడు. అతని అసలు పేరు రాయను. ఆశీర్వాదం అని పిలుస్తాను. తండ్రి లేడు. వాళ్ళమ్మ మిషన్ ఆసుపత్రిలో ఆయాగా పనిచేసేది. ఆసుపత్రి వెనక ఇళ్ళలో ఉండేవారు. అతనికి నత్తి. హాజరు పిలిచినప్పుడు ‘ప్రెజెంట్’ అనడానికి అతను పడే యాతన చూసి క్లాసంతా నవ్వేది. నేనూ నవ్వాను.

టీచర్ అతన్ని తెర లాగే పనికి తీసుకున్నారు. ఒక శనివారం ముఖ్యమైన వేషం వేసే కుర్రాడు బడికి రాలేదు. వాడి మాటలు ఊరికే చదవమని టీచర్ కాగితాలు ఆశీర్వాదం చేతికిచ్చారు. అతను చదివాడు. నత్తి లేదు. ఒక్కచోట కూడా తడబడలేదు. రాసిన మాట, వేరొకరి మాట అతని నోట్లోంచి ఏరులాగా వచ్చింది. మేమంతా నోరు తెరుచుకుని చూశాం. టీచర్ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

ఆ సంవత్సరం నాటకం ఒక ముసలి రైతు కథ. ఎన్ని బోర్లు వేసినా నీళ్ళు పడవు. చివరికి బోరు బండి వాళ్ళు సర్దుకుని పోతుంటే, ముసలాయన చేనులో నిలబడి మాట్లాడతాడు. పెద్ద మాట అది, ఒక పేజీకి పైనే. ఆ వేషం ఆశీర్వాదానికి వచ్చింది. టీచర్ నన్ను పక్కకు పిలిచారు.

“నీ గొంతు కుదురుకోనీ అప్పా. ఈ ఏడాది పక్కన నిలబడి మాటలు అందించు. నాటకమంతా నీకు నోటికొస్తాది గదా. వచ్చే ఏడాది మళ్ళా నీదే.”

తల ఊపాను. మాటలు అందించడమంటే స్టేజీ పక్కన తెర చాటున నిలబడడం. వేషగాడు మాట మరిచిపోతే అతనికి మాత్రమే వినపడేట్టు దాన్ని పలకడం. ప్రేక్షకులకు నువ్వు ఉన్నట్టే తెలియకూడదు. తెలిస్తే నీ పని చెడినట్టు.

ఆశీర్వాదానికి మాత్రం నేనున్నట్టు తెలుసు. బాగా తెలుసు. ఒకరోజు రిహార్సలు అయ్యాక అతను చెప్పిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

“మి... మిగతావాళ్ళు మరిసిపోతే ఏదో ఒకటి కల్పించి చెప్తారు. నాకు కల్పించేది రాదప్పా. నా సొ... సొంత మాటకే నత్తి. నువ్వు పక్కన ఉండావు గదా. అదే ధైర్యం.”

చూశారా? తన బలహీనత ఎక్కడుందో వేలు పెట్టి చూపించాడు. నమ్మి చూపించాడు. నేను చేసిన తప్పుకు తెలియనితనం అనే సాకు కూడా లేకుండా పోయింది.

వాళ్ళమ్మకు ఒక కోరిక ఉండేది. కొడుకు పాస్టరు కావాలని. నత్తి పిల్లవాడు ప్రసంగం ఏం చెబుతాడని చుట్టుపక్కల వాళ్ళు అనేవాళ్ళట. డ్రామాలో చేరాక ఒక ఆదివారం అతను చర్చిలో నిలబడి వాక్యం చదివాడు. మరుసటి రోజు ఆమె బడి గేటు దగ్గరికి వచ్చి, నా చేతిలో వేరుశనగ ఉండలు పెట్టింది. “నువ్వే గదా నాయనా మా వాడికి తోడుండేది,” అంది. తిన్నాను. తియ్యగా ఉన్నాయి.

మొదటి పోటీ పుంగనూరులో. ఒకచోట ఆశీర్వాదం ఆగాడు. నేను మాట అందించాను. అతను అందుకుని సాగిపోయాడు. ఎవరికీ తెలియలేదు. మా నాటకానికి బహుమతి వచ్చింది. మా నాయన ఆ రోజు అంగడి మూసుకుని మరీ వచ్చాడు. అయిపోయాక బస్టాండులో నన్ను అడిగాడు.

“అదేమప్పా, నువ్వు యాడా కనపడలేదే?”

“పక్కన ఉండాను నాయనా. మాటలు అందిస్తాండా.”

“ఓ,” అన్నాడు. కాసేపు బస్సుల వైపు చూశాడు. తర్వాత, “ఆ ముసలోడి యేషం కట్టిన పిల్లోడు ఎవురప్పా? కండ్లలో నీళ్ళు తెప్పించేసినాడు,” అన్నాడు.

మా నాయన ఏ తప్పూ మాట్లాడలేదు. నేను నాటకంలో ఉన్నానని చెప్పి ఆయన్ని రమ్మన్నది నేనే. లోపల ఏదో పులిసింది. దానికి ఆ రోజు పేరు పెట్టలేకపోయాను. ఇప్పుడు పెట్టగలను. కుళ్ళు.

తర్వాతి పోటీ కుప్పంలో. బస్సు పలమనేరు మీదుగా పోయింది. ఇద్దరు పిల్లలు వాంతులు చేసుకున్నారు. టీచర్ చిత్రాన్నం పొట్లాలు పంచారు. ఆశీర్వాదం తినలేదు. కిటికీ పక్కన కూర్చుని పెదవులు కదుపుతూ ఉన్నాడు. ఒక్కసారి నా వైపు తిరిగి నవ్వాడు. నేనూ నవ్వాను. ఒట్టేసి చెబుతున్నాను, బస్సులో నా మనసులో ఏమీ లేదు. ఉందేమో. ఉంటే నాకు తెలియదు. ఇన్నేళ్ళుగా ఆ బస్సులోకి మళ్ళీ మళ్ళీ ఎక్కి వెతుకుతున్నాను, ముందే అనుకున్నానా, లేక అక్కడే పుట్టిందా అని. ముందే అనుకుని ఉంటే నేను దుర్మార్గుణ్ణి. అక్కడే పుట్టి ఉంటే? అప్పుడు ఏమవుతాను? అదేమైనా మంచిదా?

ఒక పెద్ద బడి ఆవరణలో షామియానా వేశారు. మిట్టమధ్యాహ్నం. ఎండకు షామియానా గుడ్డ వేడెక్కి వాసన వేస్తోంది. కింద రకరకాల బడుల పిల్లలు కిక్కిరిసి కూర్చున్నారు. తెలుగు, తమిళం కలిపి మాట్లాడుకుంటున్నారు. ముందు వరుసలో న్యాయనిర్ణేతలు. నేను తెర చాటున కాగితాలు పట్టుకుని నిలబడ్డాను. ఆశీర్వాదానికీ నాకూ మధ్య నాలుగడుగుల దూరం ఉంటుందేమో.

నాటకం బాగా సాగింది. పిల్లల గుసగుసలు ఆగిపోయాయి. చివరి రంగం వచ్చింది. బోరు బండి వాళ్ళు వెళ్ళిపోయారు. ముసలాయన ఒక్కడే మిగిలాడు. వంగి పిడికెడు మట్టి తీశాడు. తల ఎత్తాడు. ఇప్పుడు అనాల్సిన మాట, ‘ఈ నేలను నేను తిట్టను.’

అతను అనలేదు.

మొదట అది నటనే అనుకున్నారు అందరూ. నాకు మాత్రం తెలిసింది. అతని మెడ మీద నరం కదిలింది. మెల్లగా నా వైపు తిరిగాడు, ప్రేక్షకులకు అనుమానం రాకుండా, కళ్ళు మాత్రమే. ఆ కళ్ళు నన్ను అడిగాయి.

మాట నా నోట్లో ఉంది. కాగితం చూడాల్సిన పని కూడా లేదు. నాలుక మీద ఉంది. ఒక్క క్షణం ఆగుదామనుకున్నాను. ఒక్క క్షణమే. నేను లేకపోతే ఏమవుతుందో ఒక్కసారి వాడికి తెలియనీ అనుకున్నాను. ఆ క్షణం గడిచింది. నేను పెదవి విప్పలేదు. ఇంకో క్షణం అనుకున్నాను. అతని కళ్ళు నన్ను వదల్లేదు. నేను కాగితాల వైపు చూశాను. అవును, అతని కళ్ళు చూడలేక, చోటు వెతుకుతున్నవాడిలాగా కాగితాలు తిప్పాను. ఎవరికోసం ఆ నటన? అతని కోసమే. స్టేజీ ఎక్కకుండానే ఆ రోజు నేనూ వేషం వేశాను.

కింద ఎవరో దగ్గారు. ఆశీర్వాదం చూపు ముందుకు తిప్పుకున్నాడు. సొంత మాట కోసం ప్రయత్నించాడు.

“నా... నా... నా...”

వెనక వరుసల్లో ఒక పిల్లవాడు ‘నానా’ అని వెక్కిరించాడు. పక్కవాడు నవ్వాడు. నవ్వు గడ్డికి అంటుకున్న నిప్పులాగా ముందుకు పాకింది. షామియానా అంతా నవ్వింది. అప్పుడు, ఆ గోలలో, నేను మాట అందించాను. ‘ఈ నేలను నేను తిట్టను.’ నాకే వినపడలేదు. వినపడదని తెలిసే అన్నాను. ఎందుకు అన్నానో కూడా చెప్పేస్తాను, ఇంత చెప్పాక దాచడం ఎందుకు? రేపు ఎవరైనా అడిగితే ‘అందించాను’ అని చెప్పుకోవడానికి.

టీచర్ తెర లాగించేశారు.

స్టేజీ వెనక నీళ్ళ ట్యాంకు దగ్గర మా వాళ్ళంతా చేరారు. ఆశీర్వాదం అంటించిన తెల్ల మీసంతోనే కొళాయి పక్కన కూర్చున్నాడు. చేతిలో మట్టి ఇంకా అట్లాగే ఉంది. టీచర్ నా దగ్గరికి వచ్చారు.

“ఏమప్పా, మాట అందించలేదా?”

అందరూ నా వైపు చూశారు.

“అందించినా టీచర్. రెండు తూర్లు అందించినా. వానికి ఇనపడలే.”

ఇదే. ఇదే ఆ అబద్ధం.

ఆశీర్వాదం తల ఎత్తాడు. నేను అబద్ధం చెబుతున్నానని పట్టుకుంటాడనుకున్నాను. అతను నా ముఖం చూస్తూ చాలాసేపు వెతుక్కున్నాడు, నాలో కాదు, తనలో.

“అ... అట్లనా? నాకు ఇనపడలేదప్పా,” అన్నాడు. మళ్ళీ, “నీ తప్పేం లేదులే. నా చె... చెవికే ఏమో అయ్యుంటాది,” అన్నాడు.

నన్ను ఓదార్చాడు.

అప్పుడే చెప్పి ఉంటే? ఒక తిట్టుతో, రెండు దెబ్బలతో పోయేది. తిరుగు ప్రయాణంలో చెప్పి ఉంటే? మరుసటి రోజు? ప్రతిసారీ ఒక తలుపు తెరుచుకుంది. ప్రతిసారీ నేనే దాన్ని మూశాను. అన్నింటికంటే పెద్ద తలుపు ఆసుపత్రిలో తెరుచుకుంది.

వాళ్ళమ్మ భయపడిపోయింది. కొడుక్కి చెవుడు వస్తోందేమోనని. తను పనిచేసే ఆసుపత్రిలోనే చెవుల డాక్టరుకు చూపించింది. నన్ను కూడా రమ్మంది. ఎంత దూరం నుంచి, ఎంత గట్టిగా చెప్పానో డాక్టరుకు చెప్పాలట. రానని ఎట్లా అనగలను?

డాక్టరు పెద్దాయన. ఆశీర్వాదాన్ని గోడ వైపు తిప్పి నిలబెట్టాడు. తను వెనక నుంచి గుసగుసగా ‘తలుపు’, ‘తమ్ముడు’, ‘టమాటా’ అన్నాడు. ఆశీర్వాదం అన్నీ తిరిగి పలికాడు. తర్వాత డాక్టరు నన్ను పిలిచాడు.

“ఆ పొద్దు యాడ నిలబడినావో ఆడ నిలబడు. ఎట్ల చెప్పినావో అట్లనే చెప్పప్పా.”

ఆ రోజు వేళకు చెప్పని మాటను, చెప్పినట్టే చెప్పాలి. “ఈ నేలను నేను తిట్టను,” అన్నాను చిన్నగా. ఆశీర్వాదం వెంటనే తిరిగి పలికాడు. “ఇంకా సిన్నగా చెప్పినానేమో సార్,” అని ఇంకా తగ్గించాను. అది కూడా పలికాడు. అతనికి పిల్లి నడిచినా వినపడేటట్టుంది. మూడోసారి నేను పెదవులు కదిపాను. గొంతు కలపలేదు. గోడ వైపు తిరిగి ఉన్న అతను వేచి చూశాడు. మెడ కొంచెం పక్కకు వంచి, ఒళ్ళంతా చెవి చేసుకుని వేచి చూశాడు.

“ఇ... ఇనపడలేదు సార్,” అన్నాడు.

“అయ్యో ప్రభువా,” అంది వాళ్ళమ్మ.

డాక్టరు నా వైపు చూశాడు. కొంచెం ఎక్కువసేపే చూశాడు. అడుగు, అడుగు అని నాలో ఎవరో కొట్టుకున్నారు. అడక్కు, అడక్కు అని ఇంకెవరో. ఆయన అడగలేదు.

“సెవులు బాగానే ఉండాయమ్మా. భయపడినప్పుడు మనిషికి ఒగోసారి ఇనపడదు. అంతే.”

ధైర్యం చెప్పడానికే ఆయన ఆ మాట అన్నాడు. ఆశీర్వాదం దాన్ని వేరే విధంగా తీసుకున్నాడు. చెవిలో దోషమైతే మందు ఉంటుంది. తన తలలోనే దోషం ఉందనుకుంటే ఎవరు మందిస్తారు? అవసరమైనప్పుడు తన చెవులు తనను వదిలేస్తాయని అతను నమ్మాడు. ఆ తర్వాత స్టేజీ ఎక్కలేదు. చర్చిలో వాక్యం చదవమన్నా చదవలేదు. వాళ్ళమ్మ ఒకటి రెండుసార్లు నన్ను బతిమాలింది, నువ్వు చెప్తే వింటాడు నాయనా అని. నేను అతనికి చెప్పాను కూడా, “సదువు, ఏం కాదు,” అని. అట్లా చెప్పగలిగిన నోరు నాది.

పదో తరగతిలో నా గొంతు కుదిరింది. టీచర్ మాట తప్పలేదు. పెద్ద వేషం నాకే ఇచ్చారు. మాటలు అందించడానికి ఎవరున్నారని అడిగితే ఆశీర్వాదం చెయ్యెత్తాడు. వార్షికోత్సవం రోజు మా నాయన ముందు వరుసలో కూర్చున్నాడు. రెండో రంగంలో నేను ఆగాను. మరిచిపోయానో, మరిచిపోవాలని ఆగానో ఇప్పటికీ చెప్పలేను. అతను కూడా నన్ను వదిలేస్తే బాగుండునని ఏదో మూల కోరుకున్నాననుకుంటాను. అప్పుడు ఇద్దరం సమానమయ్యేవాళ్ళం. నేను ఆగీ ఆగకముందే మాట వచ్చింది. నత్తి లేకుండా, నాకొక్కడికే వినపడేటంత మెల్లగా, మెత్తగా. నాటకం అయ్యాక జనం చప్పట్లు కొట్టారు. మా నాయన లేచి నిలబడ్డాడు. ఇంటికి పోయి కడుపునొప్పి అని పడుకున్నాను.

తర్వాత బడి అయిపోయింది. దారులు వేరయ్యాయి. అతను పాస్టరు కాలేదు. చౌడేపల్లె దగ్గర పాల కేంద్రంలో పని చేస్తున్నాడని, పుంగనూరులో కాపురమని ఎవరో చెప్పగా విన్నాను. పుంగనూరు ఎంత దూరం? బస్సెక్కితే పోవచ్చు. పోలేదు. ఆ ఊరికి సరుకు పంపాల్సి వస్తే కూడా వేరేవాళ్ళను పంపాను.

మొన్న అతనే వచ్చాడు. మా అంగడిలో బడి యూనిఫారాలు అమ్ముతాం. జుట్టు పలచబడిన ఒక మనిషి చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి కాకీ చొక్కా అడిగాడు. గొంతు విని తల ఎత్తాను.

“నే... నేను, ఆశీర్వాదాన్ని. గుర్తు పట్టలే?” అన్నాడు నవ్వుతూ.

పాప వాళ్ళ బడి డ్రామా క్లబ్బులో ఉందట. వేషం వచ్చిందట. “అంకుల్, నేను ఎస్సై!” అని తనే చెప్పింది. చొక్కా పట్టుకుని అద్దం ఉన్న గదిలోకి పరుగెత్తబోతుంటే అతను ఆపి, జాగ్రత్తలు చెప్పాడు.

“పక్కన నిలబడే పాప మాట అందిస్తాది. చె... చెవి ఆడనే పెట్టుకో పాపా. మీ నాయన ఆ పొద్దు ఇనకుండా పాయె, అందరూ నగిరి. పాపం, ఈ మామ రెండు తూర్లు చెప్పినాడు.”

పాప లోపలికి పోయింది. నా చేతిలో కొలత టేపు ఉంది. దాన్ని వేలికి చుడుతున్నాను. తన తప్పని నమ్మి, దాన్ని కూతురికి పాఠంగా చెబుతున్నాడు. ఇంకొక తరానికి. ఇక చాలు అనుకున్నాను. అనుకున్నాను అనడం కూడా అబద్ధమే. నోరు దానంతట అదే తెరుచుకుంది.

“నేను అందించలేదప్పా.”

“ఏ... ఏంది?”

“కుప్పంలో. మాట నాకు తెలుసు. నోట్లోనే పెట్టుకుని నిలబడినా. నీ సెవులకు ఏం కాలేదు. డాక్టరు దగ్గర కూడా ఉత్తిగానే పెదాలు కదిపినా.”

అతని ముఖంలో నవ్వు ఇంకా ఉంది. వెళ్ళిపోవాలని దానికి ఇంకా తెలియనట్టు అట్లాగే నిలబడి ఉంది. మెల్లగా పోయింది.

“యాల?” అన్నాడు. ఒక్క మాట. నత్తి లేదు.

“కుళ్ళు,” అన్నాను. మా నాయన బస్టాండులో అన్న మాట చెప్పబోయి ఆపుకున్నాను. అది చెబితే జాలి అడుక్కున్నట్టు ఉంటుంది.

అతను అరవలేదు. బల్ల అంచు పట్టుకున్నాడు. కొట్టినా బాగుండుననుకున్నాను.

“మా అమ్మ,” అని ఆగాడు. మాట కోసం చాలాసేపు పెనుగులాడాడు. ఈసారి అందించడానికి నా దగ్గర ఏమీ లేదు. “మా అమ్మ పోయేదాకా... దినామూ నా చె... చెవుల కోసరం ప్రార్థన చేస్తాండె.”

ఆమె పోయిందని నాకు అప్పటిదాకా తెలియదు.

పాప కాకీ చొక్కాలో బయటికి వచ్చి మా ఇద్దరికీ సెల్యూట్ కొట్టింది. అతను మోకాలి మీద కూర్చుని ఆమె కాలరు సరిచేశాడు. “బాగుండాది పాపా,” అన్నాడు. చొక్కా డబ్బులు బల్ల మీద పెట్టి, పాప చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు. పాప వెనక్కి తిరిగి నాకు టాటా చెప్పింది. అతను తిరగలేదు.

క్షమించమని నేను అడగలేదు. అడిగే హక్కు లేదని మాత్రమే కాదు, అడిగితే జవాబు చెప్పే బరువు మళ్ళీ అతని మీదే పడుతుంది. ఫోను రాలేదు. వస్తుందని ఎదురు చూడడం లేదు. చెప్పడం వల్ల అతనికి మేలు చేశానా, తల్లి జ్ఞాపకంలో కూడా ముల్లు గుచ్చానా? తెలియదు. రాత్రుళ్ళు అతను ఏం ఆలోచిస్తున్నాడో తెలియదు.

ఒక్కటి మాత్రం చెప్పగలను. వాళ్ళు వెళ్ళిపోయాక అంగడిలో ఎవరూ లేరు. కుప్పం తర్వాత నిశ్శబ్దమంటే నాకు పడేది కాదు. ఎవరైనా కాస్త మాట్లాడకుండా ఉంటే చాలు, అరచేతుల్లో చెమట పట్టేది. ఇంట్లో ఎప్పుడూ టీవీ మోగుతుండాలి, అంగడిలో రేడియో మోగుతుండాలి. ఆ పూట రేడియో ఎప్పుడు కట్టేశానో నాకే తెలియదు. పెట్టాలనిపించలేదు. విప్పిన చొక్కాలు మడతపెట్టుకుంటూ, చీకటి పడేదాకా అట్లాగే కూర్చున్నాను.